సెల్ఫ్ నొక్కితే ‘టక్’మని ఊరుకునే బండి: తప్పు ఎప్పుడూ బ్యాటరీదేనా?

పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరి, స్కూటర్ తాళం తిప్పి, బ్రేకు పట్టి సెల్ఫ్ నొక్కితే సీటు కింద ఎక్కడో ‘టక్’మన్న చప్పుడు. అంతే. మళ్లీ నొక్కితే మళ్లీ టక్. లైటు వెలుగుతోంది, హారన్ మోగుతోంది, ట్యాంకులో పెట్రోలుంది. రెండేళ్ల కిందట నా బండికి వచ్చిన రోగమిది. షెడ్డులో చూసినతను ఒక్క మాటలో తేల్చేశాడు: ‘బ్యాటరీ పోయింది సార్, మార్చేద్దాం.’ మార్చాం. మూడు వారాలు బాగానే తిరిగింది. నాలుగో వారం, వాన కురిసిన మర్నాడు, కొత్త బ్యాటరీతో అదే టక్.

ఇంతకుముందు కూడా సెల్ఫ్‌లు మొరాయించేవి. నాలుగు కిక్‌లు కొట్టి వెళ్లిపోయేవాళ్లం, ఆదివారం చూసుకుందాంలే అని. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక ఆ వెసులుబాటు తగ్గింది. ఎక్కువ బండ్లకి కార్బ్యురేటర్ పోయి, కరెంటుతో పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చాలా మోడళ్లకి కిక్ రాడ్డే లేదు. ఉన్నవాటిలోనూ బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కిక్ కొట్టి లాభం ఉంటుందన్న నమ్మకం లేదు. పైగా 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి హెడ్‌లైటు ఇంజన్‌తోపాటే వెలుగుతోంది, ఆపే స్విచ్ లేదు. ఒకప్పుడు బండిలో కరెంటు ఒక సౌకర్యం. ఇప్పుడు అది లేకపోతే బండే లేదు.

‘స్టార్ట్ కావట్లేదు’ అన్న ఒక్క మాటలో మూడు రోగాలు

మెకానిక్‌కి ఫోన్ చేసి మనం చెప్పేది ‘బండి స్టార్ట్ అవ్వట్లేదు’ అనే. లోపల జరిగేది మూడు రకాలుగా ఉండొచ్చు. ఇంజన్ అసలు తిరగకపోవడం ఒకటి. ఇంజన్ తిరుగుతోంది కానీ అందుకోకపోవడం రెండోది. మూడోది వింతగా ఉంటుంది: అన్నీ బాగానే ఉన్నా, ఏదో ఒక భద్రతా స్విచ్ ‘వద్దు’ అని పట్టుకుని కూర్చోవడం.

ఇంజన్ తిరగడానికి కావాల్సింది చాలా కరెంటు, కొద్ది సెకన్లపాటు. అందుకోవడానికి కావాల్సింది చాలా కొద్ది కరెంటు, కానీ ఎక్కువ వోల్టేజీ, సరిగ్గా సమయానికి. భద్రతా స్విచ్ ఒప్పుకోవడానికి పిసరంత కరెంటు చాలు, ఆ వైరు ఎక్కడా తెగకూడదు. తగవంతా ఈ మూడింటినీ ఒకే బ్యాటరీ ఖాతాలో రాసెయ్యడం దగ్గరే వస్తోంది.

12 వోల్టులు ఉన్నాయి, బలం లేదు

నాలుగు మాటలు తెలిస్తే మిగతాది సులువు. కరెంటును తోసే ఒత్తిడి వోల్టేజీ. ఒక్క సెకనులో ఎంత పారుతోందో చెప్పేది ఆంపియర్. దారిలో అడ్డు ఎంతో చెప్పేది ఓమ్. బ్యాటరీ మీద రాసుండే ఏహెచ్, అంటే ఆంపియర్-అవర్, అందులో ఎంత నిల్వ పడుతుందో చెబుతుంది. 100 నుంచి 125 సీసీ బండ్లలో సాధారణంగా 3 నుంచి 5 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. సీటు కింద చూస్తే అరచేతిలో పట్టేంత డబ్బా.

ఆ డబ్బాలో ఆరు గదులు, ఒక్కో గదికి సుమారు 2.1 వోల్టులు. నిండా ఛార్జ్ అయి, కాసేపు ఊరకే ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.8 చూపిస్తుంది. 12.2కి వచ్చిందంటే సగం ఖాళీ. 11.9 అంటే అడుగంటినట్టే. పేరుకి 12 వోల్టుల బ్యాటరీ, వోల్టులు కొలిచే మీటరు మీద కచ్చితంగా 12 అని చూపిస్తే మాత్రం సంతోషించాల్సిన పని లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. నిండుగా 12.6 చూపించే బ్యాటరీ కూడా సెల్ఫ్‌కి పనికిరాకపోవచ్చు. కొట్టంలో మేత మేస్తున్న ఎద్దుని చూసి దాని సత్తా చెప్పలేం, కాడి కట్టి దుక్కిలోకి దింపితేనే తెలుస్తుంది. బ్యాటరీ కూడా అంతే. దానిలోపల కూడా కొంత అడ్డు ఉంటుంది. వయసు మీదపడే కొద్దీ, ఛార్జ్ లేకుండా వారాలపాటు వదిలేసిన కొద్దీ, పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి ఆ అడ్డు పెరుగుతుంది.

లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకి అనుకున్నవే. ఆగి ఉన్న సెల్ఫ్ మోటారు, వైర్లు కలిపి మొదటి క్షణంలో 0.13 ఓమ్ అడ్డు. మంచి బ్యాటరీ లోపలి అడ్డు 0.03 ఓమ్. 12.6ని 0.16తో భాగిస్తే సుమారు 79 ఆంపియర్లు. అందులో బ్యాటరీ లోపలే 2.4 వోల్టులు ఖర్చు, బయటికి 10.2 మిగులుతాయి. మోటారు గిర్రున తిరుగుతుంది. ఇప్పుడు ముసలి బ్యాటరీ. ఊరకే ఉన్నప్పుడు 12.4 చూపిస్తోంది, చూడ్డానికి ఏ లోటూ లేదు. లోపలి అడ్డు మాత్రం 0.12 ఓమ్. 12.4ని 0.25తో భాగిస్తే దాదాపు 50 ఆంపియర్లే. బయట మిగిలేది ఆరున్నర వోల్టులకి తక్కువ. మీటరు మీద రెండు బ్యాటరీలకీ తేడా 0.2 వోల్టులు, పనిలోకి దిగాక తేడా దాదాపు నాలుగు.

అందుకే మీటరు పెట్టి ‘12 ఉందండీ, బ్యాటరీ బాగానే ఉంది’ అన్న మాట సగమే నిజం. సెల్ఫ్ నొక్కి పట్టుకున్నప్పుడు ముల్లు ఎక్కడికి పడుతుందన్నది మిగతా సగం. 10కి అటూ ఇటూ నిలబడితే బ్యాటరీ పని చేస్తున్నట్టు. 9 కిందికి జారిపోతుంటే అనుమానించాల్సిందే.

ఇంత చిన్న మోటారు ఇంజన్‌ని ఎలా తిప్పుతుందన్న సందేహం రావచ్చు. 1911లో చార్లెస్ కెటరింగ్ కారుకి సెల్ఫ్ స్టార్టర్ తయారు చేసినప్పుడూ ఇదే ప్రశ్న. మోటారు పనిచేసేది కొద్ది సెకన్లే కాబట్టి, తట్టుకోగలిగినదానికన్నా ఎక్కువ కరెంటు దానిచేత తాగించొచ్చు అన్నది కిటుకు. 1912 క్యాడిలాక్ కార్లలో అది అమ్మకానికి వచ్చింది. కోపంతో అర నిమిషం బటన్ నొక్కి పట్టుకుంటే మోటారు కాలే వాసన వచ్చేది కూడా ఈ కిటుకు వల్లే. అది కొద్ది సెకన్ల కోసం చేసిన వస్తువు.

ఒక్క టక్ వేరు, టకటకటక వేరు

సెల్ఫ్ బటన్ గుండా అన్ని ఆంపియర్లు పారవు, పారితే బటన్ కరిగిపోతుంది. మధ్యలో రిలే ఉంటుంది. బటన్ నుంచి వచ్చే చిన్న కరెంటు రిలేలోని కాయిల్‌ని అయస్కాంతంగా మారుస్తుంది. అది లోపలి ఇనుప ముక్కను లాగితే, దానికి అమర్చిన రాగి ముక్క రెండు పెద్ద బోల్టులనూ కలుపుతుంది. మనకి వినబడే టక్ ఆ కలయికదే.

బ్యాటరీ నీరసించి ఉంటే తమాషా మొదలవుతుంది. రిలే కలుస్తుంది. కలవగానే మోటారు కరెంటంతా గుంజుకుంటుంది, వోల్టేజీ కుప్పకూలుతుంది. అంత తక్కువ వోల్టేజీతో రిలే కాయిల్ ముక్కను పట్టుకోలేక వదిలేస్తుంది. వదలగానే మోటారు ఆగుతుంది, బరువు తగ్గి వోల్టేజీ మళ్లీ పైకి లేస్తుంది. బటన్ మీద మన వేలు ఇంకా ఉంది కాబట్టి రిలే మళ్లీ కలుస్తుంది. సెకనులో ఇలా ఎన్నోసార్లు. అదే టకటకటక. ఆ చప్పుడుతోపాటు మీటర్ బోర్డు లైట్లు కూడా ఆరిపోతూ వెలుగుతుంటే వేలు బ్యాటరీ వైపు చూపించడం న్యాయమే. బ్యాటరీ పోల్ మీద వదులైన బోల్టు కూడా సరిగ్గా ఇలాగే నటిస్తుందన్నది గుర్తుంచుకుంటే చాలు.

ఒకే ఒక్క టక్ వచ్చి, లైటు ఏమాత్రం మసకబారకపోతే కథ వేరు. రిలే కలిసింది, మోటారుకి మాత్రం చాలినంత కరెంటు చేరలేదు. రిలే లోపలి రాగి ముఖాలు కాలిపోయి ఉండొచ్చు, మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండొచ్చు, దారిలో ఎక్కడైనా తుప్పు ఉండొచ్చు. ఒక్క టక్‌తోపాటు లైటు బాగా మసకబారితే కరెంటు పోతోంది కానీ పని జరగట్లేదని అర్థం. బ్యాటరీలో బలం లేకపోవచ్చు, మోటారు పట్టేసి ఉండొచ్చు, ఇంజనే పట్టేసి ఉండొచ్చు. మోటారు ‘జుయ్’మని తిరుగుతూ ఇంజన్ కదలకపోతే కరెంటు తన పని చేసింది, మధ్యలోని వన్ వే క్లచ్ జారుతోంది. ఇక ఏ చప్పుడూ లేదంటే రిలేదాకా ఆజ్ఞే రాలేదు. ఫ్యూజో, బటనో, భద్రతా స్విచ్చో.

చప్పుళ్ల భాష అన్ని బండ్లకీ వర్తించదు. 2020లో వచ్చిన హోండా యాక్టివా 6జీ లాంటివాటిలో విడిగా సెల్ఫ్ మోటారు లేదు. కరెంటు పుట్టించే ఆల్టర్నేటరే స్టార్ట్ చేసేటప్పుడు మోటారుగా మారుతుంది. పళ్ల చక్రాలు కలిసే గరగర ఉండదు. చెవితో రోగం పట్టే మెకానిక్‌లకి ఇలాంటి బండ్లు వచ్చాక ఒక ఇంద్రియం తగ్గినట్టయింది.

వెనక్కి వచ్చే దారిని ఎవరూ చూడరు

ఇప్పుడు నా స్కూటర్ దగ్గరికి వద్దాం. ఒక్క టక్, లైటులో మార్పు లేదు, బ్యాటరీ కొత్తది. రెండోసారి చూసినతను వేరే మనిషి, మీటరున్న మనిషి. ఒక తీగ బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకొకటి ఇంజన్ బాడీ మీద పెట్టి నన్ను సెల్ఫ్ నొక్కమన్నాడు. ఆ రెండూ కలిసే ఉండాలి కాబట్టి మీటరు సున్నాకి దగ్గర్లో, అర వోల్టు లోపు ఉండాలి. 2 వోల్టులు పైన చూపించింది.

బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలి. వెళ్లడానికి ఎర్ర వైరు ఉంది. తిరిగి రావడానికి ఇంజన్ బాడీ, ఛాసిస్, అక్కడినుంచి ఒక నల్ల వైరు. షెడ్డు భాషలో ‘ఎర్త్’. నా బండిలో ఆ వైరు చివర రింగు, ఛాసిస్‌కి బిగించిన బోల్టు కింద పచ్చటి చిలుము పట్టి ఉంది. చిలుము వల్ల పుట్టిన అడ్డు ఎంతనుకున్నారు? 0.04 ఓమ్. 50 ఆంపియర్లు పారాలనుకుంటే 50 ఇంటూ 0.04, రెండు వోల్టులు అక్కడే హారతి. అదే దారిలో హెడ్‌లైటుకి వెళ్లేది 3 ఆంపియర్లు అనుకుంటే పోయేది 0.12 వోల్టు. కంటికి కనబడదు. అందుకే ‘లైటు బాగా వెలుగుతోంది కదా, కరెంటు ఉన్నట్టే’ అన్న లెక్క తప్పుతుంది. సన్నటి దారి చిన్న పనికి చాలు, పెద్ద పనికి చాలదు.

మరి బ్యాటరీ మార్చగానే మూడు వారాలు ఎందుకు బాగుంది? కొత్త బ్యాటరీకి ఉన్న అదనపు బలం ఆ నష్టాన్ని కొంతకాలం మోసింది. వానకి చిలుము ఇంకాస్త పెరిగాక అదీ చాల్లేదు. ఇసుక కాగితంతో రుద్ది, బోల్టు బిగించి, కాస్త గ్రీజు రాశాడు. పాత బ్యాటరీ అప్పటికే పాత సామాన్లవాడికి వెళ్లిపోయింది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల ఇళ్లతోపాటు బండ్లూ మునిగాయి. అలా మునిగిన బండ్లకి నీళ్లు తీసేశాక కూడా బాధ తీరకపోవడానికి ఈ చిలుమే కారణం. కనెక్టర్ల లోపల వారాలు, నెలలు మెల్లగా తింటూ పోతుంది. వెంటనే సెల్ఫ్ నొక్కితే వచ్చే ప్రమాదం వేరు: సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని కుదించలేక లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

సెల్ఫ్‌కి అందుకోదు, కిక్‌కి అందుకుంటుంది

సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, స్టార్ట్ కాదు. విసుగొచ్చి ఒక్క కిక్ కొడితే వెంటనే అందుకుంటుంది. కొన్నిసార్లు ఇంకా విచిత్రం: సెల్ఫ్ బటన్ నుంచి వేలు తీసిన క్షణంలో ఇంజన్ స్టార్ట్ అవుతుంది. ప్లగ్గు మార్చి, కార్బ్యురేటర్ కడిగి, ఏమీ తేలక తల పట్టుకునేది ఇక్కడే.

ఇది కూడా బరువు లెక్కే. మోటారు తిరుగుతున్నంతసేపూ వోల్టేజీ 8కో 7కో పడిపోయి ఉంటుంది. తిప్పడానికి అది సరిపోతుంది. అదే సమయంలో ప్లగ్గుకి నిప్పు పుట్టించాల్సిన సర్క్యూట్, ఇంజెక్షన్ బండి అయితే ఈసీయూ అనే చిన్న కంప్యూటర్, పెట్రోల్ పంపు కూడా ఆ మిగిలిన వోల్టేజీతోనే బతకాలి. వాటికి చాలదు. వేలు తీయగానే మోటారు బరువు దిగి వోల్టేజీ 12కి లేస్తుంది, ఇంజన్ ఊపులో ఇంకో చుట్టు తిరుగుతోంది, ఆ చుట్టులో నిప్పు పడుతుంది. కిక్‌లో మోటారు ప్రసక్తే లేదు, తిప్పే బరువు కాలిది.

ప్లగ్గుకి నిప్పు ఎక్కడినుంచి వస్తుంది

ఇంజన్ చక్రంలో అయస్కాంతాలుంటాయి. అవి కాయిల్‌ల ముందు తిరిగితే కరెంటు పుడుతుంది, 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. మన షెడ్లలో ఆ మొత్తాన్నీ ‘మ్యాగ్నెట్’ అంటారు. అక్కడే పల్సర్ కాయిల్ అని చిన్నది ఒకటుంటుంది. ‘పిస్టన్ పైకి వచ్చింది, ఇప్పుడే’ అని కబురు చేయడం దాని పని. కబురందగానే సీడీఐ అనే ఎలక్ట్రానిక్ డబ్బా తనలో దాచుకున్న కొన్ని వందల వోల్టులను ఇగ్నిషన్ కాయిల్‌లోకి ఒక్కసారి వదులుతుంది. అక్కడ అది వేల వోల్టులై ప్లగ్గు మొనల మధ్య 0.7 మిల్లీమీటరు ఖాళీని దూకుతుంది.

సీడీఐ ఆ వందల వోల్టులను ఎక్కడినుంచి తెచ్చుకుంటుందన్నది అసలు ముడి. ఏసీ రకం సీడీఐకి మ్యాగ్నెట్‌లోనే ప్రత్యేకంగా కాయిల్ ఉంటుంది, బ్యాటరీతో పనిలేదు. ‘మా పాత బండి బ్యాటరీ లేకుండానే ఏళ్లు తిరిగింది’ అనేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు. డీసీ రకం బ్యాటరీ మీద ఆధారపడుతుంది. ఇంజెక్షన్ బండ్లు మరీను. తాళం తిప్పగానే ట్యాంకు దగ్గర రెండు మూడు సెకన్లు సన్నగా వినబడే ‘జుయ్’ పెట్రోల్ పంపుది. ఆ చప్పుడు లేకపోతే ప్లగ్గు దాకా వెళ్లాల్సిన అవసరమే ఉండదు, పంపు ఫ్యూజునో రిలేనో చూడాలి.

ప్లగ్గు బయటికి తీసి, క్యాప్‌కి తగిలించి, ఇంజన్‌కి ఆనించి నిప్పు చూడ్డం తరతరాల పరీక్ష. నీలంగా చిటపటలాడితే ‘కరెంటు ఉంది’ అంటారు. నిప్పు లేదంటే అది గట్టి సాక్ష్యమే. ఉందంటే మాత్రం పూర్తి సాక్ష్యం కాదు. బయటి గాలి పలచన. సిలిండర్ లోపల అదే గాలి తొమ్మిది పది రెట్లు కుదించి ఉంటుంది, దాన్ని చీల్చుకు దూకడానికి చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి. బయట దూకిన నీరసపు నిప్పు లోపల దూకలేక, పగిలిన క్యాప్ గుండానో తడిసిన వైరు గుండానో అడ్డదారిలో జారిపోతుంది. వాటర్ సర్వీసింగ్ చేయించిన రోజే బండి మొండికేయడానికి తరచూ ఇదే కారణం.

కావాలనే ఆపే స్విచ్‌లు

స్కూటర్‌కి బ్రేకు పట్టాలి. గేరు బండి న్యూట్రల్‌లో ఉండాలి, లేదా క్లచ్ నొక్కాలి. ఇంజన్‌ని ఆపే కిల్ స్విచ్ ‘రన్’ వైపు ఉండాలి. సైడ్ స్టాండు స్విచ్ ఉన్న బండ్లలో కొన్ని స్టాండు వేసి ఉంటే సెల్ఫే తీసుకోవు, మరికొన్ని న్యూట్రల్‌లో ఉంటే తీసుకుంటాయి. బండి ఒరిగి పడితే ఇంజన్ ఆపే సెన్సర్ కొన్ని ఇంజెక్షన్ బండ్లలో ఉంటుంది, లేపి నిలబెట్టాక తాళం ఒకసారి ఆపి తిప్పితేగానీ అది సమాధానపడదు.

బురద నిండిన సైడ్ స్టాండు స్విచ్, బ్రేకు లీవరు కింద అరిగిన చిన్న బటన్, చీమలు గూడు కట్టిన స్విచ్, ఎలుక కొరికిన పలచటి వైరు: విలువ చూస్తే అన్నీ చిల్లరే, బండిని నిలబెట్టడంలో బ్యాటరీకి ఏమాత్రం తీసిపోవు. వీటిని విసుక్కుని బైపాస్ చేయించేవాళ్లున్నారు. పదేపదే ఇబ్బంది పెట్టేదాన్ని తీసేస్తే గొడవ వదులుతుందన్నది వాళ్ల మాట. గేరులో ఉన్న బండి సెల్ఫ్ నొక్కగానే ముందుకి ఎగరకుండా ఆపేది, స్టాండు తీయడం మరిచి మలుపు తిరగబోయినవాణ్ని కాపాడేది అవే అన్నది ఎదుటివాళ్ల మాట. ఇందులో నేను రెండోవాళ్ల పక్షం.

బ్యాటరీని తాగేస్తున్నదెవరు?

బ్యాటరీ ఖాళీ అయిందంటే నింపేవాడు నింపట్లేదు, లేదా ఎవడో తాగేస్తున్నాడు. మ్యాగ్నెట్‌లో పుట్టిన కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చేది ఆర్ఆర్ యూనిట్. ఇంజన్ కాస్త రేజ్ చేసి పట్టుకుంటే బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. పెరగకుండా 12 దగ్గరే ఉంటే ఛార్జింగ్ లేదు. 15 దాటి పోతుంటే బ్యాటరీ ఉడుకుతోంది. ఇది చూడకుండా మార్చిన కొత్త బ్యాటరీ నెలకో రెండు నెలలకో పాతదాని దారే పడుతుంది.

తాగేవాళ్లలో ముఖ్యులు మనం తర్వాత పెట్టించుకున్నవే: అలారం, ట్రాకర్, తాళంతో సంబంధం లేకుండా వైరు లాగిన మొబైల్ ఛార్జర్. బండి ఆపి ఉన్నప్పుడు 20 మిల్లీ ఆంపియర్లు పోతున్నాయనుకుందాం. 24 గంటలకి 0.48 ఏహెచ్. 4 ఏహెచ్ బ్యాటరీ నాలుగు రోజుల్లో సగమవుతుంది. సంక్రాంతికి ఊరెళ్లి వారం తర్వాత వచ్చినవాడికి బండి పలకకపోవడంలో ఆశ్చర్యం లేదు.

‘పొద్దున మొదటిసారి కిక్కే కొట్టాలి, సెల్ఫ్ వాడితే బ్యాటరీ అరిగిపోతుంది’ అన్నది నాన్నల తరం మాట. లెక్కలో పెడితే: 50 ఆంపియర్లు, 2 సెకన్లు, అంటే 100 ఆంపియర్-సెకన్లు. 0.03 ఏహెచ్ కూడా కాదు. బండి నడుస్తూ బ్యాటరీకి 1 ఆంపియర్ ఇస్తే రెండు నిమిషాల్లో, నష్టాలు కలిపినా మూడు నిమిషాల్లో తీరే అప్పు. అయినా ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. ఆ రెండు నిమిషాలు సిగ్నళ్ల దగ్గర ఐడిల్‌లో గడిస్తే మ్యాగ్నెట్ పుట్టించేదంతా లైటుకే పోతుంది. రోజూ కిలోమీటరు దూరంలోని బడికి పిల్లల్ని దింపి, కూరగాయల కొట్టు దగ్గర ఆపి, ఇంటికొచ్చే స్కూటర్ పొద్దుటిపూట మూడుసార్లు అప్పు చేసి ఒక్కసారీ పూర్తిగా తీర్చదు. చలికాలం తెల్లవారుజామున చిక్కబడ్డ ఆయిల్‌లో ఇంజన్‌ని తిప్పడానికి మోటారు మరింత గుంజుతుందన్నదీ నిజమే.

మన ప్రాంతంలో బ్యాటరీకి చలికన్నా ఎండే పెద్ద శత్రువు. వేడి పెరిగే కొద్దీ లోపలి రసాయన అరుగుదల వేగం పుంజుకుంటుంది, పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజనీర్ల మోటు లెక్క. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండలో రోజంతా నిలబెట్టిన బండి సీటు కింద ఆ డబ్బా ఏమవుతోందో ఊహించుకోవచ్చు. ఎండాకాలం దెబ్బ తిన్న బ్యాటరీ ఆ బలహీనతను బయటపెట్టేది తర్వాత వచ్చే వానల్లో, చలిలో. నింద వానకి పడుతుంది.

షెడ్డు చిట్కాల మీద వాదనలు

కారు బ్యాటరీ నుంచి బైకుకి కరెంటు ఇస్తే కాలిపోతుందని భయపడేవాళ్లున్నారు, ‘అంత పెద్ద బ్యాటరీ, అన్ని ఆంపియర్లు’ అని. కరెంటు తోస్తే వచ్చేది కాదు, అవతలివైపు ఎంత గుంజితే అంత వస్తుంది. రెండూ 12 వోల్టులే, మోటారు తనకి కావాల్సిందే తీసుకుంటుంది. భయంలో అర్థమున్న భాగం కూడా ఉంది: కారు ఇంజన్ నడుస్తుంటే వోల్టేజీ 14 దాటుతుంది, అడుగంటిన చిన్న బ్యాటరీ ఆ ఒత్తిడికి మోయలేనంత గుంజి వేడెక్కొచ్చు. అందుకే కారు ఇంజన్ ఆపి ఇవ్వాలంటారు. ప్లస్ మైనస్ తారుమారైతే మాత్రం ఏ వాదనా మిగలదు, ఎలక్ట్రానిక్స్ పోతాయి.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ‘ఆగలేదు కాబట్టి ఛార్జింగ్ ఉంది’ అని తేల్చడం పాత పద్ధతి. పాత బండ్లలో అది పెద్ద హాని లేకుండా పనిచేసింది, మీటరు కొనలేని రోజుల్లో అదే మీటరు. ఇంజెక్షన్ బండిలో బ్యాటరీ లేని క్షణంలో వోల్టేజీ ఎగిరిపడితే ఈసీయూ దెబ్బతినొచ్చు. రిలే మీద రెండు బోల్టులనూ స్క్రూడ్రైవర్‌తో కలపడం కూడా అలాంటిదే. మోటారు తిరిగిందా, తప్పు రిలేదో దానికి ముందుదో అని ఒక్క క్షణంలో తేలుతుంది. పరీక్షగా చక్కనిదే. భద్రతా స్విచ్‌లన్నిటినీ దాటేస్తుంది కాబట్టి గేరులో ఉన్న బండి మెకానిక్ కాళ్ల మీదికే వస్తుంది.

తోసి స్టార్ట్ చేయడం గేరు బండ్లకి ఇప్పటికీ కొంత పనికొస్తుంది, బ్యాటరీలో పంపూ ఈసీయూ మేలుకునేంత ప్రాణం మిగిలి ఉంటే. గేరు లేని స్కూటర్‌ని ఎంత తోసినా ఇంజన్ తిరగదు, క్లచ్ కలవదు.

బ్యాటరీయే లేని ఇంజన్లు

పొలంలో వాడే పవర్ స్ప్రేయర్, బ్రష్ కట్టర్ లాంటి తాడు లాగి స్టార్ట్ చేసే ఇంజన్లలో ఎక్కువవాటికి బ్యాటరీ ఉండదు. చక్రంలోని అయస్కాంతం పక్కనే కాయిల్, దానికి ప్లగ్గు, అంతే. చక్రానికీ కాయిల్‌కీ మధ్య ఖాళీ విజిటింగ్ కార్డు మందం. చాలామంది మెకానిక్‌లు కార్డు పెట్టే బిగిస్తారు.

ఇక్కడ స్విచ్ తర్కం తిరగబడుతుంది. బైకులో స్విచ్ వైరు తెగితే బండి స్టార్ట్ కాదు. వీటిలో ఆపే స్విచ్ చేసే పని కాయిల్ కరెంటును బాడీకి కలిపి చంపేయడం. ఆ వైరు తెగితే ఇంజన్ స్టార్ట్ అవుతుంది కానీ ఆగదు. ఆ వైరు తోలు ఊడి బాడీకి తగిలితే ఎంత లాగినా అందుకోదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు కొన్నింటిలో ఆయిల్ తగ్గినప్పుడు అదే పని చేసే సెన్సర్ ఉంటుంది. ప్లగ్గు మార్చి, కాయిల్ కొత్తది తెచ్చి, అప్పటికీ నిప్పు రాక అలసిపోయిన రైతుకి చివరికి తేలేది, ఇంజన్‌లో ఆయిల్ లేదని.

షెడ్డుకెళ్లగానే స్టార్ట్ అయ్యే బండి

అన్నిటికన్నా విసిగించేది ఇది. ఎండలో ఇరవై కిలోమీటర్లు వచ్చాక బండి ఆగిపోతుంది, సెల్ఫ్ తిరుగుతుంది, అందుకోదు. ఆటోలో ఎక్కించి షెడ్డుకి తెచ్చేసరికి ఒక్క నొక్కుకే స్టార్ట్. మెకానిక్ మనవైపు అదోలా చూస్తాడు.

కాయిల్‌లో చుట్టేది వెంట్రుకంత రాగి తీగ. వేడెక్కితే రాగి అడ్డు డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 110కి చేరితే సుమారు 31 శాతం. మామూలుగా ఇంజనీర్లు ఇది ముందే లెక్కలో వేసుకుంటారు. తీగలో ఎక్కడో సన్నటి చిట్లు ఉంటే మాత్రం, వేడికి సాగి ఆ చిట్లు విడిపోతుంది, పల్సర్ కాయిల్ కబురు ఆగిపోతుంది. చల్లారితే అంచులు మళ్లీ తాకుతాయి. చల్లటి కాయిల్‌కి మీటరు పెడితే అంకె నిక్షేపంగా ఉంటుంది. తెలిసిన మెకానిక్ అందుకే ఆ అంకెను నమ్మడు. బండిని షెడ్డు ముందు ముప్పావుగంట ఆన్‌లోనే వదిలేసి, టీ తాగి వచ్చి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా చూసి, అది ఇంకా కాలుతుండగానే మీటరు పెడతాడు.